ఏ పనికి అని అడిగేవాళ్ళేరీ?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ సీట్లు ప్రకటించిన వారంలో ఏటా మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకే రకం మెసేజీ కనబడుతుంది. "మా బాబుకి ఇంజినీరింగ్ సీటొచ్చింది. మంచి ల్యాప్‌టాప్ ఏదో కాస్త చెప్పండి." పది నిమిషాలు గడవకముందే జవాబులు కుప్ప పడతాయి. ఒకరు ఐ7 తీసుకోండి అంటారు. ఇంకొకరు మ్యాక్‌బుక్ తప్ప వేరేది చూడొద్దు అంటారు. మరొకరు మాట కూడా రాయరు, ఒక లింకు పెట్టి ఊరుకుంటారు. ఏ బ్రాంచిలో సీటొచ్చిందని మాత్రం ఒక్కరూ అడగరు.

అడగకుండా ఎలా చెబుతారండీ? సివిల్ కుర్రాడికి రేపు రెవిట్, స్టాడ్ ప్రో కావాలి. మెకానికల్ వాడికి సాలిడ్‌వర్క్స్ కావాలి. ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉంది కానీ రెవిట్‌కూ సాలిడ్‌వర్క్స్‌కూ లేదు. కంప్యూటర్ సైన్సు పిల్లకు మొదటి ఏడాది నేర్పేది సీ, పైథాన్. వాటికి రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. దాన్ని రోజూ బస్సులో మోసుకెళ్ళి, రెండు గంటలకే బ్యాటరీ అయిపోతే క్లాసులో ప్లగ్ పాయింట్ వెతుక్కునే పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళేమో చీటీ పాడి తెచ్చిన డబ్బు అందులో పోశారు.

మా రోజుల్లో సలహా ప్రశ్నతో మొదలయ్యేది. తొంభైల నుంచి నేను ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. "సార్, సిస్టమ్ ఒకటి కొనాలి" అంటూ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ముందు అడిగేవాళ్ళం. ఏం పనికి? ఎవరు వాడతారు? మీ ఇంట్లో ఓల్టేజీ ఎలా ఉంటుంది, ఎర్తింగ్ సరిగ్గా ఉందా? ఇప్పుడెంత పెట్టగలరు, వచ్చే ఏడాది ఇంకెంత పెట్టగలరు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. అప్పట్లో సిస్టమ్ అనేది ఒక్కసారి కొని వదిలేసేది కాదు. ఇవాళ 32 ఎంబీ ర్యామ్‌తో మొదలుపెట్టి, దసరా బోనస్ వచ్చాక ఇంకో 32 గుచ్చుకునేవాళ్ళు. ఆ మాట ముందే తెలిస్తే ఖాళీ స్లాటు ఉన్న బోర్డు కొనిపించేవాళ్ళం.

డీటీపీ పెట్టుకుంటానని ఒకాయన వస్తే, ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గించి ఆ మిగిలిన డబ్బుతో 14 అంగుళాల మానిటరు బదులు 17 అంగుళాలది తీసుకోమనేవాళ్ళం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పొద్దున్నుంచి రాత్రి దాకా శుభలేఖలూ కరపత్రాలూ చేసే మనిషికి కళ్ళే పెట్టుబడి. కీబోర్డు టీవీఎస్ గోల్డ్ అని గట్టిగా చెప్పేవాళ్ళం. కొట్టిన ప్రతి అక్షరానికీ టక్కున మోగే ఆ కీబోర్డు ఏళ్ళ తరబడి అరిగేది కాదు. అదే ఇంటర్ పిల్లవాడికైతే కీబోర్డు ఏదైనా ఒకటే, లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం మంచిది ఉండాలి. వాళ్ళ ఊళ్ళో కరెంటు సాయంత్రం ఆరయ్యేసరికి ఊగుతుంది కదా! ఒకే బడ్జెట్‌తో వచ్చిన ఇద్దరు మనుషులకు మేం రాసిచ్చే కాగితాలు రెండు రకాలుగా ఉండేవి.

ఆ కాగితం పట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళేవాళ్ళం. సీటీసీ అంటే చాలు ఆటోవాళ్ళకు తెలిసేది. ఒక షాపులో కొటేషన్ రాయించుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఎదురు షాపులో మళ్ళీ మొదటినుంచి అడిగేవాళ్ళం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, ఫ్లాపీ డ్రైవు, క్యాబినెట్, మానిటర్ ఇలా వరుసగా ఒక్కో వస్తువుకూ ఒక్కో రేటు ఆ కాగితం మీద ఉండేది. ఏ వస్తువుకు ఎంత ఇస్తున్నామో కొనేవాడికి తెలిసేది. బేరం కుదిరాక సామాను కౌంటరు మీద పరిపించి, సీలు చూసి, వారంటీ స్టిక్కరు మీద మార్కరుతో తారీకు వేయించేవాళ్ళం. ఎస్‌ఎంపీఎస్‌ను చేత్తో ఎత్తి బరువు చూసేవాళ్ళం. పైన రాసిన వాట్లు ఎన్నయినా, లోపల రాగీ ఇనుమూ తక్కువుంటే చేతికి తేలిగ్గా తెలిసిపోతుంది.

తర్వాత మా కళ్ళ ముందే బిగించేవాళ్ళు. ప్రాసెసర్ మీద పేస్టు రాసి ఫ్యాను నొక్కేవాళ్ళు. జంపర్లు సరిచూసేవాళ్ళు. హార్డ్ డిస్కు రిబ్బన్ కేబుల్‌కు ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది ఒకటో పిన్ను వైపు రావాలి. మాతో వచ్చిన పిల్లవాడి చేతికే ఆ కేబుల్ ఇచ్చి "నువ్వు పెట్టు నాన్నా" అనేవాణ్ణి. స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద తెల్లటి అంకెల్లో ర్యామ్ లెక్క పైకి పోతుంటే, డబ్బు కట్టిన తండ్రి ఆ అంకెలు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. కొటేషన్‌లో రాసినంతా వచ్చిందా లేదా అన్నది అక్కడే తేలిపోయేది. అలా కొన్న పిల్లలు తర్వాత డబ్బా విప్పడానికి భయపడలేదు. వాళ్ళలో చాలామంది నేడు ఈ రంగంలోనే బతుకుతున్నారు.

సలహా ఇచ్చేవాడికి లోతు తెలియాలి. 1998లో ఇంటెల్ సెలెరాన్ తెచ్చింది. మొదట వచ్చిన 266, 300 మెగాహెర్ట్జ్ చిప్పుల్లో ఎల్2 క్యాష్ అసలు లేదు. కొన్నవాళ్ళు పెంటియం 2 పక్కన పెట్టి చూసుకుని ఉసూరుమన్నారు. అదే ఏడాది ఆగస్టులో 300ఏ వచ్చింది. పేరు చివర ఒక్క ఏ అక్షరం, లోపల 128 కేబీ క్యాష్. ఆ ఒక్క అక్షరంతో చిప్పు జాతకమే మారిపోయింది. తెలిసినవాళ్ళు దాన్ని 450 మెగాహెర్ట్జ్ దాకా తోలి, ఎంతో ఖరీదైన చిప్పులతో పోటీకి నిలబెట్టారు. ఈ సంగతి తెలుసుకోవడానికి మేం పీసీక్వెస్ట్ లాంటి ఇంగ్లీషు పత్రికలు చేతులు మార్చుకుని చదివాం. తర్వాత తెలుగులో కంప్యూటర్ ఎరా వచ్చాక ఇంగ్లీషు రాని పిల్లలకు కూడా ఆ జ్ఞానం అందింది. చదవకుండా సలహా చెప్పడం మాకు సిగ్గుగా ఉండేది.

ఇంకో మాట. చెప్పినవాడు తర్వాత కూడా దొరికేవాడు. మనం కొనిపించిన సిస్టమ్ ఎండాకాలంలో దానంతటదే ఆగిపోతుంటే ఆదివారం స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాల్సిందే. క్యాబినెట్ విప్పితే ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుని ఉండేది. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు నాసిరకం కెపాసిటర్ల బెడద ప్రపంచమంతటా నడిచింది. బోర్డు మీద ఆ చిన్న డబ్బాల నెత్తులు ఉబ్బి, కొన్ని కారిపోయి కనబడేవి. రిపేరు కుర్రాడు వాటిని ఊడదీసి కొత్తవి టంకం పెడితే బోర్డు మళ్ళీ లేచేది. సలహా ఇచ్చినవాడికి ఈ ఆదివారాల భయం ఉండబట్టే నోటికొచ్చింది చెప్పేవాడు కాదు.

ఇప్పటి సంగతి చూడండి. నా కోపమంతా ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో సలహా కాస్త తప్పినా దిద్దుకునే దారి ఉండేది. ర్యామ్ చాలకపోతే ఇంకోటి గుచ్చేవాళ్ళం. డిస్కు నిండితే రెండోది తగిలించేవాళ్ళం. బోర్డు పోతే బోర్డే మార్చేవాళ్ళం. ఇవాళ సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే టంకం పెట్టి వస్తోంది. 8 జీబీతో కొంటే అది పాడయ్యేదాకా 8 జీబీయే. కొన్నిట్లో ఒక స్లాటు ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. ఆ ముక్క తెలియాలంటే కంపెనీ స్పెసిఫికేషన్ కాగితంలో వెతకాలి. మరీ చవక రకాల్లో ఎస్ఎస్‌డీ బదులు 64 జీబీ ఈఎంఎంసీ పెడతారు. విండోస్ అప్‌డేట్‌కే అందులో చోటు చాలదు. కొన్నరోజే నాలుగేళ్ళ తలరాత ఖాయమైపోతున్నప్పుడు సలహా పదింతలు జాగ్రత్తగా ఇవ్వాలి కదా? పదింతలు నిర్లక్ష్యంగా ఇస్తున్నారు.

పేర్లు చూసి చెప్పేస్తున్నారు. "రైజెన్ 5, 7000 సిరీస్, కళ్ళు మూసుకుని తీసుకో" అని ఒకరు రాస్తారు. కళ్ళు తెరిచి మూడో అంకె చూడాలి. ఆ సిరీస్‌లో మూడో అంకె లోపలి తరం ఏదో చెబుతుంది. 7520యూ అంటే నాలుగు కోర్లు, అవి 2019లో వచ్చిన జెన్ 2 తరంవి, పైగా దాని ర్యామ్ టంకం పెట్టిందే. 7530యూ అంటే ఆరు కోర్లు, జెన్ 3. 7640యూ అయితే జెన్ 4. మూడూ రైజెన్ 5లే, డబ్బా మీద స్టిక్కరూ ఒకటే. ఇంటెల్ వైపు కూడా ఇదే తంతు. 12వ తరం ఐ5లో 1235యూకు పెద్ద కోర్లు రెండు, 12500హెచ్‌కు నాలుగు. ఐ5 అనే రెండక్షరాలు చెప్పి సలహా అయిపోయిందనుకోవడం అన్యాయం. ఆనాడు ఒక్క ఏ అక్షరం కోసం పత్రికలు తిరగేసిన తరం నుంచి వచ్చినవాణ్ణి, నాకు ఇది మింగుడుపడదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళ పాట్లు ఇంకా ఘోరం. "ఐ7 ల్యాప్‌టాప్, చాలా చవక" అని గ్రూపులో ఫొటో వస్తుంది. నాలుగో తరం ఐ7, 2013 నాటిది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే అధికారికంగా ఒప్పుకుంటుంది. అంటే ఆ ల్యాప్‌టాప్ కొన్న ఇంటివాళ్ళు దాంట్లో బ్యాంకు పనులు చేసుకుంటే తలుపు తీసి పడుకున్నట్టే. దాని మీద లైనక్స్ మింట్ వేసి పిల్లలకు పైథాన్ నేర్పించుకోండి, బంగారంలా పనిచేస్తుంది అని చెప్పేవాడుంటే ఆ చవక నిజంగా చవకే అయ్యేది. చెప్పేవాడు లేడు.

కొత్తదంతా చెడ్డదని నేననను. ఎస్ఎస్‌డీ రావడం గొప్ప మార్పు. అప్పట్లో స్విచ్చి వేసి టీ తాగి వచ్చేవాళ్ళం, ఇప్పుడు మూత తెరిస్తే పని మొదలు. అంతకంటే పెద్ద మేలు ఇంకోటి ఉంది. మా రోజుల్లో సలహా కావాలంటే సికింద్రాబాద్‌లో ఎవరో ఒకరు తెలిసుండాలి. తెలిసినవాళ్ళు లేని ఊళ్ళవాళ్ళు షాపువాడు ఏదిస్తే అది పట్టుకుపోయారు. ఆడపిల్లలైతే ఆ షాపుల మెట్లెక్కి అడగడానికే జంకేవాళ్ళు. ఈనాడు ఉట్నూరు నుంచి ఒక అమ్మాయి నేరుగా ఫోన్లో అడగగలదు. ఇంత మంచి వీలు చేతికొచ్చాక, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మన జవాబు ఒక లింకా?

ఇక గ్రూపుల పెద్దరికం సంగతి. 2000 తర్వాత యాహూ గ్రూపుల కాలంలో నేను కొన్నాళ్ళు ఒక తెలుగు కంప్యూటర్ గుంపుకు మోడరేటర్‌గా ఉన్నాను. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవాళ్ళం, అయినా క్రమం తప్పేవాళ్ళం కాదు. కొత్తగా చేరినవాళ్ళ మొదటి ఉత్తరాలు మేం చదివాకే అందరికీ వెళ్ళేవి. విషయం పంక్తిలో "హెల్ప్" అని ఉంటే, "మీ సమస్య ఏమిటో ఆ పంక్తిలోనే రాయండి" అని విడిగా ఉత్తరం రాసి వెనక్కి పంపేవాళ్ళం. అందరి ముందూ ఎవరినీ చిన్నబుచ్చేవాళ్ళం కాదు. జవాబిచ్చేటప్పుడు పాత ఉత్తరమంతా మోయకుండా అవసరమైన రెండు వాక్యాలే ఉంచాలి. చివర సంతకం నాలుగు పంక్తులు దాటకూడదు. ఈ మర్యాదలు మేం కనిపెట్టినవి కావు. 1995లో ఇంటర్నెట్ మర్యాదల మీద ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రం వచ్చింది. గుంపులో చేరాక నెలా రెండు నెలలు ఊరికే చదివి, ఆ తర్వాతే రాయమని అందులో ఉంది. నెలా రెండు నెలలు! ఇవాళ చేరిన నిమిషానికి సలహా చెప్పేస్తున్నారు.

ఇప్పుడు అడ్మిన్ ఎలా అవుతారు? ఎవరు గ్రూపు పెడితే వాళ్ళే అడ్మిన్. 2022 చివర్నుంచి ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చు. మా ఊరి జనాభాలో సగం. ఆ వేయి మందికి బాధ్యుడైనవాడు ఏం తీసేయాలో, ఏం ఉంచాలో చూడడు. అడిగితే "మనకెందుకు సార్ గొడవ, అందరూ తెలిసినవాళ్ళే" అంటాడు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఆ తీర్పులు న్యాయమైనవే. కానీ శిక్ష పడదు కాబట్టి బాధ్యత కూడా లేదని అనుకోవడం వేరే సంగతి. ఎవరి మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసేసే అధికారం అడ్మిన్లకు 2022లోనే వచ్చింది. మా అడ్మిన్ దాన్ని వాడగా నేను చూడలేదు.

గ్రూపులో వచ్చే మాట ప్రాణం మీదికి తెస్తుందని మన రాష్ట్రానికి తెలియనిది కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న ఫార్వర్డులతో దేశంలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పులతో పాటలు పాడించి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారు. ఆ పని అడ్మిన్లు ఎక్కడికక్కడ చేసుంటే పోలీసులు డప్పు పట్టాల్సి వచ్చేదే కాదు. వాట్సాప్ కూడా ఆ ఏడాది జులైలోనే మన దేశంలో ఫార్వర్డును ఒకసారికి ఐదు చాట్లకు కుదించింది.

కంప్యూటర్ సలహా దగ్గర ప్రాణాలు పోవు, డబ్బు పోతుంది. ఆ లింకులు పెట్టేవాళ్ళలో కొందరికి, ఆ దారిన వెళ్ళి కొన్న ప్రతి వస్తువు మీదా కమీషన్ వస్తుంది. కమీషన్ తీసుకోవడం తప్పని నేననను. ఆ మాట దాచడం తప్పు. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని సిఫారసు చేసేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు వత్తాసు పలికితే 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. మా రోజుల్లో ఎవరైనా షాపువాడి దగ్గర కమీషన్ పుచ్చుకుని సలహా చెప్పాడని తెలిస్తే వాణ్ణి ఇంకెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. అంతటితో వాడి మాట చెల్లేది కాదు.

లింకులయ్యాక ఏపీకే ఫైళ్ళు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్ళిపత్రిక అనో పేరు పెట్టుకుని తెలిసినవాళ్ళ నంబరు నుంచే గ్రూపులో పడతాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేసినవాళ్ళ ఫోను దొంగల చేతికి పోతుంది, ఓటీపీలు వాళ్ళకు కనబడతాయి. అలాంటి ఫైలు కనబడగానే తీసేసి, పంపిన మనిషికి ఫోన్ చేసి, డబ్బు పోయినవాళ్ళుంటే వెంటనే 1930కి చెప్పించడం అడ్మిన్ పని. పొద్దున పడ్డ ఫైలు సాయంత్రం దాకా గ్రూపులో ఉండడమంటే ఆ గ్రూపుకు కాపలా లేనట్టే.

అడ్మిన్లుగా ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నాదొక విన్నపం. ఎవరైనా ఏదైనా కొనాలని అడిగితే ఏ పనికి, ఎవరికి, ఎంతలో అని మీరే ముందు అడగండి. ఆ మూడూ తేలేదాకా లింకుల్ని ఉండనివ్వకండి. కమీషన్ ఉన్న లింకైతే ఆ మాట రాయమనండి, రాయనంటే తీసేయండి. తప్పు సలహా కనబడితే చెప్పినవాళ్ళకు విడిగా ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి, కొనబోయేవాళ్ళకు మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పండి. మీ గ్రూపులో ఈ సంగతులు తెలిసిన రిటైరైన లెక్చరరో, రిపేరు షాపు కుర్రాడో తప్పక ఉంటారు. వాళ్ళను గుర్తించి పక్కన పెట్టుకోండి. ఇవేవీ చూసే తీరిక మీకు లేకపోతే, తీరికా ఓపికా ఉన్నవాళ్ళను ఇవాళే అడ్మిన్‌ను చేసి మీరు తప్పుకోండి.